రోజూ పనికి ఎంత దూరం వెళ్తున్నారు? ఎంత దాటితే ఇల్లు మారాలి?

పొద్దున్నే_ఆరింటికి

అందరికీ నమస్తే. ఒక విషయంలో మీ అనుభవం కావాలి. ఊరికే తెలుసుకుందామని కాదు, వచ్చే నెలలోగా నేనొక నిర్ణయం తీసుకోవాలి.

మా ఇంటి నుంచి ఆఫీసు 38 కిలోమీటర్లు. ఇంతకుముందు 7 కిలోమీటర్లే ఉండేది. 14 నెలల కిందట కంపెనీ ఆఫీసుని ఊరికి అవతలి చివరకి మార్చేసింది. "నెల రోజులు పోతే అలవాటైపోతుందిలే" అనుకున్నాను. అలవాటు కాలేదు. పొద్దున 6 గంటలకి ఇంట్లోంచి బయటపడతాను, 4 కిలోమీటర్లు బండి మీద వెళ్ళి అక్కడ పెట్టేసి బస్సెక్కుతాను, మధ్యలో దిగి ఇంకో బస్సు, ఆ తర్వాత పావుగంట నడక. ఒకరోజు 7:20కే చేరతాను, ఇంకోరోజు 8:15 అయినా దారిలోనే ఉంటాను. సాయంత్రం సంగతి చెప్పక్కర్లేదు.

మా ఆవిడ ఆఫీసు ఇంటికి 5 కిలోమీటర్లు, నా ఆఫీసుకి సరిగ్గా వ్యతిరేక దిక్కులో. పాప మూడో తరగతి, బడి నడిచి వెళ్ళేంత దూరం. ఉంటున్నది అద్దె ఇల్లే కాబట్టి మారడం కుదరని పనేం కాదు. కానీ నా ఆఫీసు దగ్గరికి మారితే నా కష్టం తీసి ఆమె నెత్తిన పెట్టినట్టే.

పోయిన వారం పాప నిద్రపోయాక వచ్చాను, వరసగా నాలుగు రోజులు. ఐదో రోజు త్వరగా వస్తే ఏదో చెప్పబోయి ఆగిపోయి "నువ్వు పడుకో నాన్నా, అలిసిపోయావు కదా" అంది. అప్పటి నుంచి మనసు ఏం బాగోలేదు.

మీలో ఎవరెంత దూరం వెళ్తున్నారు, ఎలా వెళ్తున్నారు, ఇక నావల్ల కాదు అని ఎప్పుడు అనిపించింది? ఇల్లు మారినవాళ్ళు, ఉద్యోగం మారినవాళ్ళు, ఏదీ మారకుండా నెట్టుకొస్తున్నవాళ్ళు, అందరూ చెప్పండి.

కిటికీ_సీటు

నాది 62 కిలోమీటర్లు, రైల్లో. ఆరేళ్ళవుతోంది. దూరం వినగానే అందరూ అయ్యో అంటారు కానీ నాకు నిజంగా అంత బాధ లేదు. ఎందుకు లేదో చెప్తాను, మీకు పనికొస్తుందేమో చూడండి.

నేను ఎక్కేది రైలు బయల్దేరే స్టేషన్లో, అందుకని సీటు ఖాయం. 7:12కి కదులుతుంది, 55 నిమిషాల్లో దింపుతుంది. ఇటు పది నిమిషాలు, అటు పది నిమిషాలు నడక. అంటే 7 గంటలకి గుమ్మం దాటితే 8:20కి ఆఫీసులో ఉంటాననేది నాకు ముందే తెలుసు, దాదాపు ప్రతిరోజూ. ఆ 55 నిమిషాలు నావే. చదువుకుంటాను, లేదా కళ్ళు మూసుకుంటాను. అకౌంట్స్ పరీక్ష ఒకటి మొత్తం రైల్లోనే చదివి పాసయ్యాను.

దీనికి ముందు ఉద్యోగం 24 కిలోమీటర్లే, కారు నేనే నడిపేవాణ్ణి. సమయం కూడా ఇంచుమించు ఇంతే. మూడు నెలల్లో నా పని అయిపోయింది. క్లచ్ తొక్కి తొక్కి ఎడమ మోకాలు పట్టేసేది, ఇంటికొచ్చాక అరగంట ఎవరితోనూ మాట్లాడబుద్ధయ్యేది కాదు. దూరం తక్కువే అయినా ఆ గంటంతా రోడ్డుకి ధారపోయడమే కదా. అందుకే ఎన్ని కిలోమీటర్లు అని అడక్కండి. ఆ సమయంలో మీ చేతులు, కళ్ళు ఖాళీగా ఉన్నాయా లేదా అని అడగండి.

ఒక నష్టం ఉంది, దాచను. సాయంత్రం ఆఫీసులో ఎవరైనా కాసేపు ఉండమంటే ఉండలేను, నా రైలు టైము నాకుంటుంది. ఆరేళ్ళలో సహోద్యోగులతో స్నేహాలు పెద్దగా కుదరలేదు.

ఇంకోటి, సందర్భం వచ్చింది కాబట్టి. 'కమ్యూట్' అనే మాట ఈ పనికి అతుక్కుందే నెల పాసు లాంటి టికెట్ వల్ల. 1840ల ప్రాంతంలో అమెరికాలో రోజూ రైల్లో తిరిగేవాళ్ళకి ఛార్జీ తగ్గించి ఒకే మొత్తంగా తీసుకునే 'కమ్యుటేషన్ టికెట్' ఇచ్చేవారు. కమ్యూట్ అంటే అక్కడ తగ్గించి మార్చడం అని అర్థం. ఆ టికెట్ మీద తిరిగేవాడు కమ్యూటర్ అయ్యాడు.

పదకొండే_పదకొండు

నాది 11 కిలోమీటర్లు. గంటా ఇరవై నిమిషాలు. రెండు బస్సులు, రెండింట్లోనూ నిలబడే. "పదకొండేగా, పక్కనేగా" అని మా బంధువులందరూ అంటారు. పైన ఆయన రైలు వివరాలు చదివాక 62 కిలోమీటర్ల మనిషి మీద అసూయ పడాల్సి వచ్చింది.

మ్యాపుల_పని

నేను రవాణా ప్రణాళికల పనిలో ఉన్నాను, ఈ ప్రశ్న మా దగ్గర రోజూ నలిగేదే. కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ముందు ఒక పాత సంగతి. 1970లలో యాకోవ్ జహావి అనే ఆయన రకరకాల నగరాల్లో జనం ప్రయాణాలు చూసి, వాహనాలు మారినా వేగం మారినా మనుషులు రోజుకి ప్రయాణానికి వెచ్చించే సమయం సగటున పెద్దగా మారడం లేదు అన్నాడు. దాన్ని ఇటలీ భౌతికశాస్త్రవేత్త చెసారే మార్కెట్టి 1994లో ఇంకా వెనక్కి, పాత నగరాల దాకా తీసుకెళ్ళాడు. ఆయన లెక్క ప్రకారం ఆ సమయం రోజుకి, రానూపోనూ కలిపి, సుమారు ఒక గంట. అందరూ నడిచే కాలంలో నగరాలు సుమారు 5 కిలోమీటర్ల వెడల్పు దాటి పెరగలేదు. గంటకి 5 కిలోమీటర్లు నడిచే మనిషి నడిబొడ్డుకి వెళ్ళి తిరిగి రావడానికి పట్టేది అదే గంట మరి. గుర్రపు ట్రాములొచ్చాయి, నగరం కొంత పెరిగింది. రైళ్ళు, కార్లు వచ్చాయి, ఇంకా పెరిగింది. మిగిలిన సమయాన్ని మనం ఇంట్లో గడపలేదు, ఇల్లు ఇంకాస్త దూరంగా కట్టుకున్నాం.

ఇది సగటు గురించిన మాట, ప్రతి మనిషికీ వర్తించే నియమం కాదు. దీని మీద వాదనలూ ఉన్నాయి. కానీ మీరు రోజుకి మూడు గంటలు దాటి తిరుగుతున్నారు, చాలామంది ఒంటికి సరిపడే కొలతకి మూడింతలు. 14 నెలలైనా అలవాటు కాలేదంటే అది మీ చేతకానితనం కాదండీ, దయచేసి అలా అనుకోకండి.

ఎందుకు అలవాటు కాదు అంటారా? కొత్త ఇల్లు అలవాటైపోతుంది, జీతం పెరిగినా మూడు నెలల్లో అలవాటైపోతుంది. రోజుకో రకంగా ఉండే ప్రయాణానికి మాత్రం మనసు సర్దుకోదు, ఎందుకంటే సర్దుకోవడానికి ఒక స్థిరమైనది ఉండాలి కదా. 2004లో డేనియల్ కానమన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, మరికొందరు కలిసి అమెరికాలో టెక్సస్‌లో ఉద్యోగాలు చేసే 909 మంది ఆడవాళ్ళని, ముందు రోజు చేసిన ఒక్కో పనిలో ఎలా అనిపించిందో రాయమన్నారు. ఆ పట్టికలో పనికి వెళ్ళొచ్చే ప్రయాణం అడుగున ఉంది. ఆఫీసు పనికన్నా కింద, ఇంటి పనికన్నా కింద. స్విట్జర్లాండ్ ఆర్థికవేత్తలు స్టట్జర్, ఫ్రై ఇద్దరూ జర్మనీ కుటుంబాల లెక్కలు చూసి 2008లో ఒక పరిశోధన అచ్చువేశారు. మామూలుగా అనుకునేదేమిటి? దూరం నుంచి వచ్చేవాడు ఊరికే రాడు, మంచి జీతమో మంచి ఇల్లో ఏదో ఒకటి దానికి బదులుగా దక్కుతుంది కాబట్టే వస్తాడు, లెక్క సరిపోతుంది అని. వాళ్ళకి అలా కనపడలేదు. ప్రయాణం పెరిగేకొద్దీ జీవితం మీద తృప్తి తగ్గుతూ వచ్చింది, ఆ దక్కినవేవీ ఆ లోటుని పూడ్చలేదు.

అలాగని సున్నా దూరం కూడా జనం కోరుకోరు. శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో సుమారు 1300 మంది ఉద్యోగులని "మీకు ఎంత ప్రయాణం ఉంటే బాగుంటుంది" అని అడిగితే సగటున 16 నిమిషాలు అని తేలింది. 2001 నాటి మాట. ఇంటి మనిషి ఆఫీసు మనిషిగా, మళ్ళీ ఆఫీసు మనిషి ఇంటి మనిషిగా మారడానికి కొంచెం ఖాళీ కావాలి. ఇల్లే ఆఫీసైనవాళ్ళు చాలామంది సాయంత్రం ఊరికే ఒక చుట్టు నడిచి వస్తామనేది ఇందుకే.

మీకు నా సలహా ఒక్కటే. మూడు వారాలు రాయండి. గుమ్మం దాటిన నిమిషం, ఆఫీసులో కూర్చున్న నిమిషం, సాయంత్రం అలాగే. ఫోన్లో మ్యాప్ చూపించే టైము వద్దు, అది బండి పెట్టడానికి పట్టే టైము, బస్టాపులో నిలబడే టైము లెక్కపెట్టదు. రాశాక సగటు చూడకండి, అన్నిటికన్నా ఆలస్యమైన రోజు చూడండి. లేటవకూడదనుకునే మనిషి రోజూ ఆ చెడ్డ రోజుని దృష్టిలో పెట్టుకునే బయల్దేరతాడు కదా, కాబట్టి మీ అసలు ప్రయాణం అంతే.

రాత్రి_డ్యూటీ

నేను నర్సుని. ఆసుపత్రి మా ఇంటికి 26 కిలోమీటర్లు, స్కూటీ మీద. పగలు షిఫ్టప్పుడు ఫర్వాలేదు, 50 నిమిషాలు. నేను చెప్పాలనుకునేది 12 గంటల రాత్రి డ్యూటీ దిగాక పొద్దున ఇంటికొచ్చే 26 కిలోమీటర్ల గురించి.

ఒకరోజు సిగ్నల్ దగ్గర ఆగినట్టు గుర్తుంది. ఆ తర్వాత మా వీధి మలుపు దగ్గర ఉన్నట్టు గుర్తుంది. మధ్యలో 9 కిలోమీటర్లు ఏమీ గుర్తులేదు. వచ్చి మంచం మీద కూర్చుంటే చేతులు వణికాయి. రెండు నెలల తర్వాత ఎదురు వైపు నుంచి హారన్ వినపడి కళ్ళు తెరిచాను. తెరిచాను అంటే, అప్పటిదాకా మూసుకుని ఉన్నాయన్నమాట.

17 గంటలు మెలకువగా ఉన్న మనిషి పనితీరు, రక్తంలో మద్యం 0.05 శాతం ఉన్నప్పటి స్థాయికి పడిపోతుందని 1997లో డాసన్, రీడ్ అనే ఇద్దరు పరిశోధకులు కొలిచి చూపించారు. 24 గంటలైతే ఇంచుమించు 0.10 శాతం. తాగి బండి నడపకూడదని అందరికీ తెలుసు, డ్యూటీ దిగి నడపకూడదని ఎవరూ చెప్పరు.

ఇప్పుడు నేను డ్యూటీ అయ్యాక విశ్రాంతి గదిలో ముప్పై నిమిషాలు పడుకుని, లేచాక ఇంకో పావుగంట అటూ ఇటూ తిరిగి, అప్పుడు బండి తీస్తాను. లేవగానే వెంటనే తీయకూడదు, ఆ మత్తు వేరే. ఇంటికి ముప్పావు గంట లేటు, అయినా చేరుతున్నాను. వరసగా మూడు రాత్రులుంటే మూడో రోజు బస్సులోనే వస్తాను.

అన్నా, మీరు పొద్దున, సాయంత్రం 4 కిలోమీటర్లు బండి నడుపుతున్నారు కదా, ఆ నాలుగు చిన్నవి అనుకోకండి. బస్సులో కునుకు తీసి దిగి వెంటనే బండెక్కుతున్నారేమో చూసుకోండి.

పొద్దున్నే_ఆరింటికి

రాత్రి_డ్యూటీ గారూ, మీరు రాసింది చదివి కాసేపు ఏం తోచలేదు. అవును, రోజూ బస్సులో నిద్రపోయి దిగి వెంటనే బండి తీస్తున్నాను. ఇవాళ్టి నుంచి దిగాక పది నిమిషాలు ఆగుతాను.

మ్యాపుల_పని గారూ, రాయడం మొదలుపెడుతున్నాను. ఈలోగా ఒక ప్రశ్న. మా దారిలో రోడ్డు వెడల్పు చేస్తున్నారు, రెండు వైపులా ఇంకో రెండేసి వరసలు (లేన్లు) వస్తాయట. ఏడాదిలో అయిపోతుందంటున్నారు. దాని కోసం ఆగితే మంచిదా?

మ్యాపుల_పని

దాన్ని నమ్ముకుని నిర్ణయం వాయిదా వెయ్యకండి. కొత్త రోడ్డు తెరిచిన కొన్నాళ్ళు బాగుంటుంది, అది నిజం. ఆ కొన్నాళ్ళలో ఏం జరుగుతుందంటే, ఇన్నాళ్ళూ ఈ దారి వద్దనుకున్నవాళ్ళు ఇటు వస్తారు, ముందో వెనకో బయల్దేరేవాళ్ళు సరిగ్గా రద్దీ టైముకే వస్తారు, బస్సులో వెళ్ళేవాళ్ళు కొందరు సొంత బండి తీస్తారు, ఇంకొందరు ఆ రోడ్డు ఉంది కదా అని దూరంగా ఇల్లు తీసుకుంటారు. డ్యూరాంటన్, టర్నర్ అనే ఆర్థికవేత్తలు అమెరికా నగరాల్లో ఇరవై ఏళ్ళ లెక్కలు (1983 నుంచి 2003 దాకా) చూసి 2011లో ప్రచురించారు. నగరంలో పెద్ద రహదారుల వరసల పొడవు ఎంత శాతం పెరిగితే వాటి మీద వాహనాల తిరుగుడు కూడా దాదాపు అంతే శాతం పెరిగింది. రోడ్డు పెరిగింది, రద్దీ అలాగే ఉంది.

బస్సుకి ప్రత్యేకంగా ఒక వరస వదిలితే మాత్రం మీకు లాభం. వదులుతున్నారేమో కనుక్కోండి.

ఇల్లు_మారాం

నేను ఇల్లు మారిన మనిషిని, అందుకని రాస్తున్నాను. చాలామంది "మారిపోండి, ప్రాణం హాయిగా ఉంటుంది" అంటారు. నాకు అలా జరగలేదు.

మా ఆయన రోజూ 35 కిలోమీటర్లు వెళ్ళేవారు, ఆయన కోసం ఆయన ఆఫీసు పక్కకి మారాం. ఆయనకి పది నిమిషాల నడక అయ్యింది, నాకు 6 కిలోమీటర్లు కాస్తా 31 అయ్యింది. మాట అనుకునే మారాం, ఎవరూ బలవంతం చెయ్యలేదు. అయితే లెక్కలోకి తీసుకోనిది ఒకటుంది. ఆయన దూరం వెళ్ళే రోజుల్లో పిల్లవాణ్ణి లేపడం, తయారుచెయ్యడం, బడి నుంచి ఫోనొస్తే పరిగెత్తడం, సాయంత్రం వంట, ఇవన్నీ నావి. నేను దూరం వెళ్ళడం మొదలుపెట్టాక కూడా ఇవన్నీ నావే. ఆయన చెడ్డమనిషని కాదు, అలవాటు అలా పడిపోయింది, దాన్ని కదపాలని ఇద్దరికీ తోచలేదు. ఏడు నెలలు అలా చేశాక నేనే ఇంటి దగ్గర తక్కువ జీతానికి ఇంకో ఉద్యోగం వెతుక్కున్నాను. ఇంకో నాలుగు నెలలకి ఆయన కంపెనీ ఆ శాఖని మూసేసింది.

స్వీడన్‌లో ఎరికా శాండో అనే భూగోళశాస్త్ర పరిశోధకురాలు ఇదే విషయం మీద పెద్ద ఎత్తున పనిచేశారు. దంపతుల్లో ఒకరు చాలా దూరం పోయొస్తుంటే వాళ్ళు విడిపోయే అవకాశం మిగతా దంపతులకన్నా సుమారు 40 శాతం ఎక్కువని, ముఖ్యంగా మొదటి కొన్నేళ్ళు గడ్డుకాలమని తేల్చారు. ఆ దూరాలు వెళ్ళేవాళ్ళలో ఎక్కువమంది మగవాళ్ళు. వాళ్ళ జీతం పెరుగుతుంది, ఇంటి దగ్గర చిన్న ఉద్యోగంతో సరిపెట్టుకుని ఇల్లు చూసుకునేది భార్య. నా కథ అక్కడ వేలమంది కథే అని చదివినప్పుడు నాకు ఏడుపొచ్చింది, కొంత ధైర్యం కూడా వచ్చింది.

కాబట్టి అండీ, మీరు టైము రాస్తున్నారు కదా, పక్కనే మీ ఆవిడ టైము కూడా రాయండి. ఆమె ఆఫీసు ప్రయాణం ఒక్కటే కాదు, బడికి, మందుల షాపుకి, సరుకులకి, అన్నీ. అవి ఎవరి ఖాతాలోకీ రావు, చిన్నచిన్నగా ఉంటాయి కాబట్టి ప్రయాణాల్లా కనపడవు. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని అప్పుడు మాట్లాడుకోండి. ఇంకోటి, ఒక ఆఫీసుని చూసి ఇల్లు తీసుకోకండి, దారిని చూసి తీసుకోండి. ఆఫీసు మారిపోతుంది. రైలు మార్గమో పెద్ద బస్సు మార్గమో పక్కన ఉంటే, రేపు ఉద్యోగం మారినా ఇల్లు పనికొస్తుంది.

సర్వీస్_బ్యాగు

నాకు ఆఫీసే లేదు. లిఫ్టులు రిపేరు చేస్తాను. పొద్దున మెసేజ్ వస్తుంది, మొదటి బిల్డింగు ఎక్కడుంటే అక్కడికి ఇంటి నుంచే. ఒకరోజు 8 కిలోమీటర్లు, ఒకరోజు 55. ఇదంతా "నీ ప్రయాణం, డ్యూటీ కాదు" అంటారు. మొదటి లిఫ్టు తలుపు తెరిచినప్పటి నుంచే డ్యూటీ లెక్క.

2015లో యూరోపియన్ యూనియన్ అత్యున్నత న్యాయస్థానం సరిగ్గా ఇదే విషయంలో తీర్పు ఇచ్చింది. స్పెయిన్‌లో ఒక కంపెనీ తన ప్రాంతీయ ఆఫీసులు మూసేసి, టెక్నీషియన్లని ఇంటి నుంచే నేరుగా కస్టమర్ల దగ్గరికి పంపింది. స్థిరమైన ఆఫీసు లేనివాళ్ళకి ఇంటి నుంచి మొదటి కస్టమర్ దాకా, చివరి కస్టమర్ నుంచి ఇంటి దాకా పట్టే సమయం కూడా పనివేళే అని కోర్టు చెప్పింది. ఆఫీసు మూసింది కంపెనీ, దాని భారం పనివాడి విశ్రాంతి మీద పడకూడదని. ఇది పనిగంటలు, విశ్రాంతి గురించిన తీర్పే, ఆ సమయానికి జీతం ఎంతివ్వాలో కోర్టు చెప్పలేదు. అక్కడి చట్టం అక్కడిదే, అయినా న్యాయం నాకు సరిగ్గా ఉందనిపించింది.

మీ కేసు వేరే, మీకు ఆఫీసుంది. కానీ ఆఫీసుని అటు మార్చింది మీరు కాదు కదా. అడగండి. రెండు రోజులు ఇంటి నుంచి పని, లేదా వచ్చే టైములో గంట వెసులుబాటు, ఏదో ఒకటి. అడగకుండా 14 నెలలు మోశారు మీరు.

పదకొండే_పదకొండు

నేనూ ఒక మాట చెప్తాను. మీరు మారే ముందు దారి మార్చి చూశారా? నేను నాలుగేళ్ళు ఒకే దారిలో వెళ్ళాను, మొదటి రోజు ఎవరో చెప్పిన దారి. పోయిన ఏడాది రోడ్డు తవ్వేసి బస్సు రాకపోతే వేరే దారి పట్టాల్సి వచ్చింది, అది పావుగంట తక్కువ! నాలుగేళ్ళు! (పైన నేను చెప్పిన గంటా ఇరవై నిమిషాలు, ఈ పావుగంట తగ్గాక మిగిలినది.)

తర్వాత చదివితే లండన్‌లో కూడా ఇలాగే జరిగిందని తెలిసింది. 2014 ఫిబ్రవరిలో అక్కడి భూగర్భ రైళ్ళ సిబ్బంది సమ్మె చేస్తే కొన్ని స్టేషన్లు మూతపడ్డాయి, జనం తప్పనిసరై వేరే దారులు పట్టారు. సమ్మె అయిపోయాక సుమారు 5 శాతం మంది పాత దారికి తిరిగి రాలేదట. అక్కడి రైలు మ్యాపు అసలు దూరాలని చూపించదు, గీతలు నీటుగా కనపడాలని సర్ది గీసింది. ఆ మ్యాపు ఎక్కువ తప్పుదోవ పట్టించిన చోట్ల ఉండేవాళ్ళకే కొత్త దారి ఎక్కువ కలిసొచ్చిందని పరిశోధకులు రాశారు.

పొద్దున్నే_ఆరింటికి

మూడు వారాలు అయ్యింది. అందరికీ చెప్పాల్సిన బాకీ ఉంది నాకు.

రాసిన లెక్క ఇది. ఒక వైపు ప్రయాణం సగటున గంటా 40 నిమిషాలు. అన్నిటికన్నా త్వరగా చేరిన రోజు గంటా 18, అన్నిటికన్నా ఆలస్యం రెండు గంటలా 25. నెలకి 22 రోజులు వేసుకుంటే 73 గంటలు దాటుతోంది, అంటే నెలలో మూడు పగళ్ళూ మూడు రాత్రులూ నేను రోడ్డు మీదే ఉన్నాను. ఇన్నాళ్ళూ ఎవరైనా అడిగితే "గంటంపావు" అని చెప్పేవాణ్ణి, అబద్ధం చెప్పాలని కాదు, బాగున్న రోజే గుర్తుండిపోయింది నాకు.

మా ఆవిడ కాగితం కూడా రాశాం. అది చూసి నాకు సిగ్గేసింది. ఆఫీసుకి పోను 20 నిమిషాలే, కానీ బడి, సరుకులు, ఆసుపత్రి, మా అమ్మ దగ్గరికి వెళ్ళడం, అన్నీ కలిపితే వారానికి ఎనిమిది గంటలకి పైనే. వాటిలో నేను చేసినవి సున్నా.

మా మేనేజర్ని అడిగాను. వారానికి రెండు రోజులు ఇంటి నుంచి చేసుకోమన్నారు. అంత తేలిగ్గా ఒప్పుకుంటారనుకోలేదు, మొదట్లోనే అడిగి ఉండాల్సింది. సర్వీస్_బ్యాగు అన్నా, ఆ మాట మీరు చెప్పకపోతే ఇప్పటికీ అడిగేవాణ్ణి కాదు.

నా ఆఫీసు పక్కకి మారడం మానుకున్నాం. ఇద్దరి ఆఫీసులకీ మధ్యలో, రైలు స్టేషన్‌కి నడిచి వెళ్ళేంత దగ్గర్లో ఒక ఇల్లు చూశాం. ఆదివారం చూస్తే ఏ ఇల్లయినా దగ్గరే అనిపిస్తుంది కాబట్టి మంగళవారం ఇద్దరం సెలవు పెట్టుకుని, పొద్దున ఏడింటికి ఆ ఇంటి గుమ్మం ముందు నిలబడి, అక్కణ్ణుంచి ఆమె ఆఫీసుకి ఆమె, నా ఆఫీసుకి నేను బయల్దేరి చూశాం. నాకు 52 నిమిషాలు పట్టింది, తనకి 37. తనకి దాదాపు రెట్టింపు అవుతోంది, అది నాకు గుర్తుంది. అందుకే కొత్త ఇంట్లో పాపని బడిలో దింపే పని నాది, ఇంటి నుంచి పనిచేసే ఆ రెండు రోజులూ సాయంత్రం వంట కూడా నాదే అని రాసుకున్నాం, నోటిమాటగా వదల్లేదు.

పాప బడి సంవత్సరం మధ్యలో మార్చం, ఇంకా నాలుగు నెలలుంది. ఇంటాయన అప్పటిదాకా ఆగుతాడో లేదో తెలియదు. ఆగకపోతే అదే రైలు మార్గంలో ఇంకో రెండు స్టేషన్ల దగ్గర కూడా వెతుకుతాం. వాన పడ్డ రోజు ఒకసారి మళ్ళీ వెళ్ళి, గుమ్మం దగ్గర్నుంచి టైము చూసుకుని రావాలి.